దారిలో పోయిన టైముకు లెక్క ఎట్లా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా రోడ్డు కష్టాల గోడే. 65 (హైదరాబాద్–విజయవాడ), 44 (హైదరాబాద్–కర్నూలు) నంబరు జాతీయ రహదారుల మీద బండ్లు ఎందుకు ఆగుతున్నాయి, ఎంతసేపు ఆగుతున్నాయి, దాన్ని లెక్కలోకి తెచ్చేదెట్లా అని అడిగినవాళ్లకు ఈసారి పేజీ మొత్తం ఇచ్చేశాం.

ప్రశ్న: జడ్చర్ల నుంచి ఆరాంఘర్‌కు రోజూ రెండు టెంపో ట్రావెలర్లు నడుపుతున్నం. మామూలుగా గంటన్నర. నెలకు నాలుగైదు సార్లు మాత్రం రెండున్నర గంటలు పడుతుంది. తెలిసిన కానిస్టేబుల్‌ను అడిగితే ఆ రోజు యాక్సిడెంటే నమోదు కాలేదంటడు. యాక్సిడెంట్ లేకుంటే రోడ్డు ఎందుకు ఆగినట్టు? (జడ్చర్ల పాఠకుడు)

జవాబు: ఆయన చెప్పిందీ నిజమే, మీరు ఆగిందీ నిజమే. స్టేషన్ రికార్డుకు ఎక్కేది ఎవరికైనా దెబ్బ తగిలితేనో, ప్రాణం పోతేనో, ఎవరైనా ఫిర్యాదు ఇస్తేనో. యాక్సిల్ విరిగి నిలబడ్డ ఇసుక లారీ, డీజిల్ అయిపోయిన డీసీఎం, అద్దాలు పగిలి అక్కడికక్కడే రాజీ పడ్డ రెండు కార్లు, సర్వీసు రోడ్డు మీంచి మెయిన్ రోడ్డు ఎక్కిన గొర్రెల మంద, నిలిచిన వాన నీళ్లు, లేన్ మూసి చేసే తారు పని... వీటికి ఎఫ్ఐఆర్ ఉండదు. బండ్లను ఎక్కువసార్లు ఆపేవి మాత్రం ఇవే. అందుకే ప్రమాదాల లెక్క వేరు, ఘటనల లెక్క వేరు. అనుకోకుండా రోడ్డు మోసే శక్తిని తగ్గించే ప్రతిదీ ఘటనే. రోజూ సాయంత్రం శంషాబాద్ దాటాక తగిలే రద్దీ ఘటన కాదు, అది మీ దారికి మామూలు. ఈ రెంటినీ కలిపితే లెక్క పాడైపోతుంది.

ముందు మామూలు ఎంతో తేల్చండి. ఒక్కో డ్రైవరుకు ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి నాలుగు చోట్ల గడియారం చూసి రాయమనండి: జడ్చర్ల బస్టాండు, రాయికల్ టోల్‌గేటు, శంషాబాద్, ఆరాంఘర్. దిగే చోటు టైము ఒక్కటే రాసుకుంటే ఆలస్యమైందని తెలుస్తుంది కానీ ఎక్కడైందో తెలియదు. పొద్దున ట్రిప్పులకు ఒక పట్టిక, సాయంత్రం ట్రిప్పులకు ఇంకొకటి, ఆదివారాలకు వేరేది. ఒక్కోదాంట్లో కనీసం 20 ట్రిప్పులు పోగయ్యాక చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాసి నడిమి అంకె తీసుకోండి. సగటు వద్దు. ఐదు ట్రిప్పులు 88, 90, 91, 93, 148 నిమిషాలు పట్టాయనుకోండి. సగటు 102 వస్తుంది, కానీ మీ బండి ఒక్కరోజు కూడా 102 నిమిషాల్లో పోలేదు. నడిమి అంకె 91. ప్యాసింజర్‌కు చెప్పాల్సిన మామూలు టైము అది.

ఆ తర్వాత నడిమి అంకె కంటే 15 నిమిషాలు మించిన ట్రిప్పులకే కారణం రాయించండి. అన్ని ట్రిప్పులకూ రాయమంటే రెండో వారానికి డ్రైవర్లు పుస్తకం ముట్టరు. కారణాలు కూడా ఐదారుకు మించొద్దు: ఢీకొట్టడం, చెడిపోయిన బండి, నీళ్లు, రోడ్డు పని, టోల్ క్యూ, తెలియదు. ‘తెలియదు’ అనే గడి తప్పకుండా ఉండాలి. అది లేకపోతే డ్రైవరు ఏదో ఒకటి రాసేస్తాడు. రెండు నెలల్లో ఏ ముక్కలో టైము పోతోందో మీ పుస్తకమే చూపిస్తుంది.

ప్రశ్న: మొన్న కట్టంగూరు దగ్గర ఒక లారీ ఒక్క లేనులోనే ఆగింది. పక్క లేను ఖాళీగానే ఉంది. అయినా వెనక కిలోమీటర్ల కొద్దీ బండ్లు. లారీని తీసేసినంక కూడా అరగంట పైనే కదల్లేదు. సగం రోడ్డు తెరిచి ఉన్నప్పుడు అంత జామ్ ఎట్లయితది? (కట్టంగూరు పాఠకుడు)

జవాబు: సగం రోడ్డు మూసుకుంటే సగం శక్తి మిగులుతుందని అందరం అనుకుంటాం. మిగలదు. ఒక వైపుకు రెండు లేన్లున్న రోడ్డు మీద ఒకటి మూసుకుంటే మిగిలేది దాదాపు 35 శాతమేనని అమెరికావాళ్ల హైవే కెపాసిటీ మాన్యువల్ లెక్క. ప్రమాదం జరిగిన బండిని పక్కకు, షోల్డర్ (రోడ్డు అంచు) మీదికి లాగేసినా 81 శాతం దగ్గరే ఉంటుంది, ఎందుకంటే పక్కనుంచి పోయే ప్రతివాడూ బ్రేకు మీద కాలేసి ఓసారి చూసే పోతాడు. మన దగ్గర ఆటో, ట్రాక్టరు, బైకు, కంటైనరు అన్నీ కలిసే నడుస్తాయి, లేన్ పట్టింపు తక్కువ, కాబట్టి ఆ అంకెలు ఇక్కడ అచ్చంగా అతకవు. ఒక అంచనాకు రావడానికి మాత్రం పనికొస్తాయి.

లెక్క వేసి చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, ఎక్కడా కొలిచినవి కావు. రోడ్డు ఒక వైపు గంటకు 3,600 బండ్లను పంపగలదనుకోండి. సాయంత్రం గంటకు 2,400 వస్తున్నాయి. అంటే ఇంకా బోలెడు ఖాళీ ఉంది. లారీ ఆగింది. 35 శాతం లెక్కన గంటకు 1,260 మాత్రమే దాటుతున్నాయి. గంటకు 1,140 బండ్లు వెనక మిగిలిపోతున్నాయి. క్రేన్ వచ్చి లారీని తీసేసరికి 40 నిమిషాలైంది. అప్పటికి క్యూలో 760 బండ్లు. రెండు వరుసల్లో చెరి 380. లారీలు, బస్సులు, కార్లు కలిపి బండికి 10 మీటర్లు వేసుకుంటే వరుస పొడవు 3.8 కిలోమీటర్లు.

మీ ప్రశ్నలో రెండో సగానికి జవాబు ఇక్కడుంది. లారీ పోయాక రోడ్డు 3,600 పంపుతుంది, కానీ వెనక నుంచి 2,400 వస్తూనే ఉంటాయి. క్యూ తరిగేది గంటకు 1,200 చొప్పునే. 760 తరగాలంటే 38 నిమిషాలు. అడ్డం తీసేసిన తర్వాత కూడా దాదాపు అంతే సేపు జామ్ ఉంటుందన్నమాట. ఆ టైముకు వచ్చి చేరినవాళ్లకు ముందు లారీ కనపడదు, గాజు పెంకు కనపడదు, ఏమీ లేకుండానే ఆగామని తిట్టుకుంటారు.

ఇదే లారీని 40కి బదులు 20 నిమిషాల్లో తీస్తే? క్యూ 380 దగ్గర ఆగిపోతుంది, 19 నిమిషాల్లో కరిగిపోతుంది. అందరి ఆలస్యం కలిపి చూస్తే మొదటి లెక్కలో 494 బండి-గంటలు (ఒక బండి గంటసేపు ఆగితే ఒక బండి-గంట), రెండో లెక్కలో 124 లోపే. తీసే టైము సగమైతే పోయే టైము పావు వంతుకు దిగింది. క్యూ పొడవూ తగ్గింది, ఉన్న సేపూ తగ్గింది, రెండూ గుణించుకున్నాయి కాబట్టి. కొత్త ఫ్లైఓవర్ గురించి అందరూ మాట్లాడతారు కానీ, క్రేన్ ఎంత దూరంలో నిలబడి ఉంటుందన్నది ఎవరూ అడగరు.

సంక్రాంతి ముందు రోజు ఇదే లారీ, అదే 40 నిమిషాలు. కాకపోతే వచ్చే బండ్లు గంటకు 3,400. ఈసారి క్యూ సుమారు 1,430. తరిగేది గంటకు 200 చొప్పున. ఏడు గంటలు దాటుతుంది. ఘటన చిన్నదైనా, రోడ్డు అప్పటికే నిండి ఉంటే దెబ్బ పెద్దది. అందుకే ‘ఏం జరిగింది’ అన్న గడి పక్కనే ‘అప్పుడు రోడ్డు మీద ఎన్ని బండ్లున్నాయి’ అన్న గడి లేకపోతే ఘటనల పట్టిక ఆలస్యం గురించి సగమే చెబుతుంది.

ప్రశ్న: డిగ్రీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం నల్లగొండ జిల్లా రోడ్డు ప్రమాదాల లెక్కలు 2014 నుంచి సేకరించాం. 2016 తర్వాత బాగా తగ్గినట్టు గ్రాఫ్ వస్తోంది. రోడ్లు బాగుపడ్డాయని రాయొచ్చా? ఈ డేటాతో ప్రయాణ ఆలస్యం అంచనా వేయొచ్చా? (నల్లగొండ విద్యార్థిని)

జవాబు: మొదటిది రాయకండి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. 65వ నంబరు రహదారి మీద చౌటుప్పల్ యాదాద్రి వైపు పోయింది, సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలోకి పోయాయి. ప్రమాదాలు తగ్గలేదమ్మా, మీ గ్రాఫ్‌లోంచి రోడ్డు తగ్గింది. పాలమూరు లెక్కలు తీసేవాళ్లకూ ఇదే తిప్పలు: నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అప్పుడే విడిపోయాయి, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో. షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది. పైగా రెవెన్యూ జిల్లా, పోలీసు హద్దు ఒకటి కావు. చౌటుప్పల్ యాదాద్రి జిల్లాలో ఉన్నా అప్పట్లో పోలీసు లెక్కలో రాచకొండ కమిషనరేట్ కిందికి వచ్చింది. జిల్లా పేరుతో పోల్చడం మానేసి పోలీస్ స్టేషన్ వారీగా, వీలైతే కిలోమీటరు రాయి వారీగా పోల్చండి. పాత కాగితాల్లో 9వ నంబరు రోడ్డని ఉంటే అది ఇప్పటి 65, 7 అని ఉంటే ఇప్పటి 44.

రెండో ప్రశ్నకు వద్దాం. ఎఫ్ఐఆర్ ఫారం చేతిలోకి తీసుకుని మూడో కాలమ్ చూడండి. ఒక చోట నేరం జరిగిన రోజు, టైము. దాని కిందే స్టేషన్‌కు సమాచారం అందిన టైము. టైపు చేసేవాళ్లు తరచూ రెండోదాన్నే తీసుకుంటారు, ఎందుకంటే అది కచ్చితంగా ఉంటుంది. రాత్రి 8కి జరిగినదానికి బంధువులు మర్నాడు 11కి ఫిర్యాదు ఇస్తే మీ పట్టికలో అది పగటి ప్రమాదమైపోతుంది. ఐదో కాలమ్‌లో జరిగిన చోటు స్టేషన్ నుంచి ఏ దిక్కున, ఎంత దూరమో ఉంటుంది. ‘తూర్పున 4 కి.మీ.’ అన్నదాన్ని మ్యాపు మీద రోడ్డు వెంబడి కొలిచి కిలోమీటరు రాయిగా మార్చుకోవచ్చు. ‘చిట్యాల శివారు’ అని మాత్రమే ఉన్నవాటిని పక్కన పెట్టండి, ఊహించి పెట్టకండి.

ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) కలిసి తయారుచేసిన ప్రమాదాల నమోదు వ్యవస్థ ఐరాడ్, దాని తర్వాత వచ్చిన ఈ-డార్ వాడకంలోకి వచ్చాక పోలీసులు ఫోన్‌లోనే చోటును గుర్తిస్తున్నారు. అది మేలే. అయితే మ్యాపు మీద మీకు వచ్చిన పిన్నులు (చోటు గుర్తులు) చాలా మటుకు ఒకే భవనం మీద కుప్పపడి కనిపిస్తే, ఫారం రోడ్డు మీద కాకుండా స్టేషన్‌లో కూర్చుని నింపారేమోనని అనుమానించండి.

ఇంకొన్ని చిల్లర తప్పులు. 11.50కి మొదలై 12.40కి ముగిసిన ఘటన అర్ధరాత్రి దాటితే కంప్యూటరు మైనస్ అంకె చూపిస్తుంది. పగలో రాత్రో లేని టైములను 24 గంటల లెక్కలోకి మార్చకుండా కలపకండి. టైములన్నీ 6.00, 6.30, 7.00 అని గుండ్రంగా ఉంటే అవి గుర్తుతో రాసినవి, గడియారం చూసి రాసినవి కావు. వాటిని అరగంట కంటే సన్నగా విడగొట్టడం దండగ. 108కి ఫోన్ చేసిన టైము దొరికితే, జరిగిన టైముకు దగ్గరగా ఉండేది సాధారణంగా అదే.

అసలు లోటు వేరే ఉంది. ఎఫ్ఐఆర్‌లో రోడ్డు ఎప్పుడు తెరుచుకుందో రాసే గడే లేదు. కేసుకు అది అక్కర్లేదు. మీకు కావాల్సింది అదే. ఒక్కో ఘటనకు ఐదు టైములుండాలి: జరిగింది, కబురు అందింది, క్రేన్ గానీ పెట్రోలింగ్ బండి గానీ చేరింది, లేన్లన్నీ తెరుచుకున్నాయి, క్యూ కరిగింది. నడిమి మూడూ టోల్ నడిపేవాళ్ల పెట్రోలింగ్, క్రేన్ రిజిస్టర్లలో దొరికే వీలుంది. కాలేజీ లెటర్ హెడ్ మీద రాసి అడగండి, పేర్లూ బండి నంబర్లూ కొట్టేసి ఇమ్మనండి. అవి మీ దగ్గర ఉండటం కూడా మంచిది కాదు.

బ్లాక్ స్పాట్ల జాబితాను ఆలస్యం జాబితాగా వాడుకోకండి. సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. అది ప్రాణాల లెక్క. తెల్లవారుజామున 3కి జరిగిన ఘోర ప్రమాదం ట్రాఫిక్‌ను దాదాపు ఆపకపోవచ్చు. సాయంత్రం 6కి ఎవరికీ గీత కూడా పడని కారు గుద్దుడు వేల మందిని నిలబెట్టవచ్చు. రెండు మ్యాపులూ వేరువేరుగా గీసి పక్కపక్కన పెడితే మీ ప్రాజెక్టుకు అదే మంచి అధ్యాయం.

ప్రశ్న: ఫోన్ మ్యాపులో రోడ్డు ఎర్రగా కనిపిస్తే నమ్మొచ్చా? (కోదాడ పాఠకుడు)

జవాబు: బండ్లు నెమ్మదిగా పోతున్నాయన్నంత వరకు నమ్మొచ్చు. ఆ రంగు జనం జేబుల్లో కదులుతున్న ఫోన్ల వేగం నుంచి వస్తుంది. ఎందుకు నెమ్మదించాయో, ఎంతసేపట్లో తెరుచుకుంటుందో దానికి తెలియదు. అర్ధరాత్రి పల్లె రోడ్డు మీద ఫోన్లు తక్కువ, కాబట్టి రంగు పాతబడి ఉండవచ్చు. సర్వీసు రోడ్డు, మెయిన్ రోడ్డు ఆనుకుని ఉన్నచోట ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. ఎర్ర గీత పొడవు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి. తగ్గుతుంటే అడ్డం తీసేసినట్టే, ఆగి టీ తాగి బయల్దేరండి.

ప్రశ్న: సూర్యాపేటలో కిరాణా హోల్‌సేల్. హైదరాబాద్ నుంచి సరుకు తెచ్చే డీసీఎంలు మూడున్నయి. డ్రైవర్ చెప్పే టైముకూ నిజానికీ పొంతన ఉండదు. జీపీఎస్ పెట్టిస్తే నెలనెలా ఖర్చు. వేరే దారి ఉందా? (సూర్యాపేట పాఠకుడు)

జవాబు: మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఫాస్టాగ్ ఖాతాలోకి పోయి మూడు నెలల స్టేట్‌మెంట్ దించుకోండి. పంతంగి టోల్ దాటిన టైము, కొర్లపహాడ్ టోల్ దాటిన టైము పక్కపక్కన పెట్టి తీసివేయండి. చౌటుప్పల్ దాటినప్పటి నుంచి నకిరేకల్ దాటేదాకా పట్టిన సమయం అది. ఫోన్‌కు మెసేజ్ వచ్చిన టైము తీసుకోవద్దు, అది ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. స్టేట్‌మెంట్‌లో కూడా రెండు టైములుంటే బ్యాంకు డబ్బు కోసుకున్న టైము వదిలేసి టోల్ దగ్గర ట్యాగ్ చదివిన టైమే తీసుకోండి.

ఒక కిటుకుంది. ట్యాగ్ చదివేది క్యూ చివర్లో, గేటు దగ్గర. అంటే హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు పంతంగి క్యూలో పోయిన టైము ఈ లెక్కలోకి రాదు, కొర్లపహాడ్ క్యూ వస్తుంది. పోయేటప్పుడు ఇది తిరగబడుతుంది. రాకపోకలు కలపకండి. ఇద్దరు డ్రైవర్లు ఒకే రోజు దగ్గర దగ్గర టైములో వచ్చి, ఒకరికే 25 నిమిషాలు ఎక్కువ పట్టిందంటే అది రోడ్డు కాదు, హోటలు.

పండగలూ జాతర రోజులూ వేరే కాగితం మీదికి తీయండి. దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. అప్పుడు విజయవాడ బండ్లను నార్కట్‌పల్లి దగ్గర నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు మళ్లిస్తుంటారు. అట్లా తిరిగిన బండికి కొర్లపహాడ్ ఎంట్రీయే ఉండదు. దాన్ని సున్నా అని గానీ, మర్నాటి ఎంట్రీతో గానీ కలిపితే లెక్క తలకిందులవుతుంది.

షాపులవాళ్లకు టైము చెప్పాల్సి వస్తే నడిమి అంకె చెప్పకండి. 20 ట్రిప్పులను వరుసగా పేర్చి 18వ అంకె చెప్పండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు మాట నిలబడుతుంది.

ప్రశ్న: శ్రీశైలం రోడ్డులో పొద్దున మన్ననూరు దగ్గర ఎప్పుడూ జామే. ప్రమాదాలేనా? (అచ్చంపేట పాఠకుడు)

జవాబు: కాదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ గేటు వేస్తారు. రాత్రంతా చేరిన బండ్లు 6కి ఒక్క గుంపుగా వదులుతాయి. టైము ముందే తెలిసిన ఆలస్యాన్ని ఘటన అనరు. ఘాట్‌లో జరిగేవి మాత్రం నిజమైన ఘటనలే, పైగా మొండివి. రెండు లేన్ల రోడ్డు కాబట్టి ఒక బస్సు ఆగితే వెనకవాళ్లు ఎదురు లేన్‌లోకి దూరుతారు, అటువాళ్లూ అదే చేస్తారు, మధ్యలో తాళం పడుతుంది, క్రేన్ లోపలికి పోను సందు ఉండదు. అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగా లేని చోట్లున్నాయి. అందుకే అక్కడి రికార్డుల్లో ‘కబురు అందిన టైము’కు, జరిగిన టైముకు మధ్య తేడా ఎక్కువ ఉంటుందని లెక్కలోకి తీసుకోండి.

ప్రశ్న: రోడ్డు మీద లారీ ఆగి కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి? (చౌటుప్పల్ పాఠకురాలు)

జవాబు: జాతీయ రహదారి మీదైతే 1033. దెబ్బలు తగిలి ఉంటే ముందు 108. చెప్పేటప్పుడు ఊరి పేరొక్కటే సరిపోదు. డివైడర్ పక్కనో షోల్డర్ పక్కనో ఉండే కిలోమీటరు రాయి మీది అంకె, బండి విజయవాడ వైపు పోయే లేన్‌లో ఉందా హైదరాబాద్ వైపు పోయే లేన్‌లో ఉందా, ఎన్ని లేన్లు మూసింది, లోడుతో ఉందా ఖాళీదా. లోడు లారీకి చిన్న క్రేన్ వస్తే అది వెనక్కి పోయి పెద్దది రావాలి, అరగంట అక్కడే పోతుంది. వైపు తప్పు చెబితే క్రేన్ డివైడర్‌కు అవతలి పక్క నిలబడి లారీని చూస్తూ ఉంటుంది, యూటర్న్ కోసం మళ్లీ కిలోమీటర్లు తిరగాలి.